ఒకే వేదిక మీద రెండు దారులు: సోనీ టెర్రీ, బ్రౌనీ మెక్‌గీ

వేదిక మీదికి ఇద్దరు వస్తారు. ముందు మనిషి చేతిలో గిటార్ ఉంటుంది, కుడికాలు కాస్త కుంటుతుంటుంది. వెనక మనిషికి చూపు లేదు, తోడుకి ముందు మనిషి భుజం పట్టుకుని నడుస్తాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. చూపు లేని మనిషి జేబులోంచి మౌత్ ఆర్గాన్ తీసి తలకిందులుగా పట్టుకుంటాడు, పక్కనున్న గిటార్ మొదలవుతుంది. అమెరికా, యూరప్ శ్రోతలు దాదాపు మూడు దశాబ్దాల పాటు చూసిన దృశ్యం ఇది. అమెరికా నల్లజాతి జనం పాటల్లోంచి పుట్టిన బ్లూస్ సంగీతంలో జంట అనగానే చాలామందికి మొదట గుర్తొచ్చే పేర్లు సోనీ టెర్రీ, బ్రౌనీ మెక్‌గీ.

మనవాళ్ళకి ఈ దృశ్యం చూస్తే అంధపంగు న్యాయం గుర్తు రావాలి. నడవలేనివాడు చూపు లేనివాడి భుజాలెక్కి దారి చెబుతాడు, ఇద్దరూ కలిసి అడవి దాటతారు. సాంఖ్యులు చెప్పిన ఈ పోలికలో సగమే జనం నోళ్ళలో నిలిచింది. ఊరు చేరాక ఎవరి దారిన వాళ్ళు విడిపోతారన్నది మిగతా సగం.

టెర్రీ, మెక్‌గీ కూడా విడిపోయారు. అదీ మంచిగా కాదు. వేదిక దిగాక మాటలు లేని స్థితికి వచ్చి విడిపోయారు. వయసు మీద పడ్డాక వచ్చిన మొండితనం అని దీన్ని తీసిపారేయడం తేలిక. కానీ ఇద్దరి జీవితాలనూ విడివిడిగా పరిశీలిస్తే వేరే సంగతి కనిపిస్తుంది. వీళ్ళు మొదటినుంచీ ఒకే చోటికి బయల్దేరినవాళ్ళు కాదు. ఒకతనిది ఎవరి తోడూ అక్కర్లేని శబ్దం. రెండో అతను అన్ని రకాల సంగీతమూ చేయగల, చేయాలనుకున్న పనివాడు. ఈ ఇద్దరినీ అన్నేళ్ళు కలిపి ఉంచింది స్నేహం ఒక్కటే కాదు. వాళ్ళను జంటగానే చూడాలనుకున్న శ్రోతల పాత్ర అందులో చాలా ఉంది.

కథ మొదలయ్యేది ఉత్తర కరోలినాలోని డర్హమ్‌లో. అది పొగాకు ఊరు. సిగరెట్ ఫ్యాక్టరీలు, గోదాములు, సీజన్లో వేలంపాటలు. ఒంగోలు, కందుకూరు వైపు వాళ్ళకి ఈ వాతావరణం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బేళ్ళు వేలానికొచ్చి చేతిలో డబ్బు పడే ఆ కొన్ని వారాలూ బట్టల కొట్టు నుంచి టీ బంకు దాకా అన్నిటికీ ఊపు వస్తుంది. అసలు మన దగ్గరి వర్జీనియా పొగాకు, దాన్ని బ్యారన్‌లో వేడిగాలితో ఆరబెట్టే పద్ధతి అమెరికాలోని ఆ ప్రాంతం నుంచి వచ్చినవే. 1930ల్లో డర్హమ్ గోదాముల బయట, ఫ్యాక్టరీ షిఫ్టు వదిలే వేళకి వీధి గాయకులు చేరేవారు. వాళ్ళలో అందరికన్నా పేరున్నవాడు బ్లైండ్ బాయ్ ఫుల్లర్. అతనికీ చూపు లేదు. గ్యారీ డేవిస్ అనే మరో గొప్ప గిటార్ విద్వాంసుడూ ఆ వీధుల్లోనే వాయించేవాడు, అతనిదీ అదే పరిస్థితి. పొలం పనికీ, ఫ్యాక్టరీ పనికీ పనికిరారని పక్కన పెట్టిన మనుషులకి సంగీతం ఒక్కటే ఉపాధి. ఆ రోజుల్లో దక్షిణాది నల్లజాతి గాయకుల్లో ఇంతమంది అంధులు ఉండడానికి కారణం ఇదే.

అక్కడి గిటార్ బాణీని ఆ ప్రాంతం పేరుతో పీడ్‌మాంట్ బాణీ అంటారు. బ్లూస్ అనగానే మిసిసిపీ డెల్టా బరువైన, గుండెలు పిండే పాటే చాలామందికి తోస్తుంది. పీడ్‌మాంట్ నడక వేరు. బొటనవేలు కింది తీగల మీద అటూ ఇటూ మారుతూ లయ నడుపుతుంటుంది, మిగతా వేళ్ళు పైతీగల మీద రాగం పలికిస్తుంటాయి. ఒక్క మనిషి వాయిస్తున్నా ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. పాటలో దుఃఖం ఉన్నా వినేవాడి కాలు మాత్రం ఊరికే ఉండదు.

ఈ డర్హమ్ వీధుల్లోకే వచ్చి చేరాడు సాండర్స్ టెరెల్. సోనీ టెర్రీ అసలు పేరు అది. 1911లో పుట్టాడు. తండ్రి రైతు, సరదాగా మౌత్ ఆర్గాన్ వాయించేవాడు, కొడుక్కి మొదటి పాఠాలు ఆయనవే. పదకొండేళ్ళప్పుడు ఒక ప్రమాదంలో ఒక కన్ను, ఇంకొన్నేళ్ళకు మరో ప్రమాదంలో రెండో కన్ను దెబ్బతిన్నాయి. చూపు పోయాక పొలంలో పని చేసే వీల్లేదు. జేబులో పట్టే ఆ చిన్న వాయిద్యమే బతుకుతెరువు అయింది.

టెర్రీ ఏం సాధించాడో తెలియాలంటే ముందు ఆ వాయిద్యం సంగతి తెలియాలి. మౌత్ ఆర్గాన్ హార్మోనియానికి చుట్టమే. రెండింటిలోనూ గాలి తగిలితే కంపించే లోహపు రీడ్లే ఉంటాయి. పద్యనాటకాల హార్మోనియం విన్నవాళ్ళకి దాని పరిమితి తెలుసు: ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి గెంతాలే తప్ప జారలేదు. గమకం పలకదన్న కారణంతోనే ఆకాశవాణి 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు హార్మోనియాన్ని దూరం పెట్టింది. కానీ మౌత్ ఆర్గాన్‌లో ఒక చిన్న కిటుకుంది. ఒకే రంధ్రం వెనక రెండు రీడ్లు ఉంటాయి. ఊదితే ఒకటి, గాలి లోపలికి పీలిస్తే ఇంకోటి పలుకుతాయి. పీలుస్తూ నాలుకను వెనక్కి లాగి, నోటిలోపలి ఆకారం మారిస్తే ఆ రెండు రీడ్ల కంపనాలూ కలగలిసి స్వరం కిందికి జారుతుంది. అంటే హార్మోనియానికి సాధ్యం కాని గమకం దీనికి సాధ్యం.

జర్మనీ కంపెనీలు దీన్ని తయారు చేసింది తేలికపాటి నృత్యగీతాల కోసం. ఊదినప్పుడు ప్రధాన శ్రుతి పలికేలా రీడ్లు అమర్చారు. మన భాషలో చెప్పాలంటే అది శంకరాభరణం స్వరాలున్న వాయిద్యం. నల్లజాతి వాద్యకారులు దాన్ని తిరగేశారు. వాయిద్యంలోని పంచమాన్ని తమ షడ్జంగా పెట్టుకున్నారు. శంకరాభరణంలో పంచమం మీద గ్రహభేదం చేస్తే హరికాంభోజి వస్తుందని కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి తెలుసు. సరిగ్గా అదే జరిగింది. దాంతో ముఖ్యమైన స్వరాలన్నీ పీల్చే స్వరాలయ్యాయి, కింది స్థాయిలో తేలిగ్గా వంగేవీ అవే. అమ్మిన కంపెనీ ఊహించని సంగీతం అందులోంచి వచ్చింది. ఎవరో ఒకరు కూర్చుని కనిపెట్టింది కాదిది. పేరు తెలియని ఎంతోమంది చేతుల్లో, నోళ్ళలో తయారైన పద్ధతి.

టెర్రీ వాద్యంలో రెండు విషయాలు ప్రత్యేకంగా వినిపిస్తాయి. ఒకటి చేతులు. వాయిద్యాన్ని దోసిట్లో మూసి పట్టుకుని, ఒక అరచేతిని రెక్కలా తెరుస్తూ మూస్తూ ఉంటే శబ్దం ఏడుస్తున్నట్టు, పిలుస్తున్నట్టు వినిపిస్తుంది. రెండోది కేక. స్వరానికీ స్వరానికీ మధ్య, ఊపిరి మళ్ళే ఆ రెప్పపాటులో, పెదాల మీంచి వాయిద్యం కదిలించి సన్నటి గొంతుతో ఒక కేక వేసి మళ్ళీ వాయిద్యంలోకి దిగిపోతాడు. కేక ఎక్కడ ఆగిందో, రీడు ఎక్కడ అందుకుందో చెప్పలేం. నక్కని తరిమే వేటకుక్కలు, దూరంగా పోతున్న రైలు, ఇవన్నీ అతని నోట్లోంచి వచ్చేవి. ఇంకా విశేషం ఏమిటంటే అతను వాయిద్యాన్ని తిరగేసి పట్టుకునేవాడు, మంద్రస్వరాలు కుడివైపు వచ్చేలా. ఇతరుల్ని చూసి నేర్చుకునే అవకాశం లేని మనిషి తనకు కుదిరినట్టు పట్టుకున్నాడు, అదే జీవితాంతం నిలిచిపోయింది.

1937 డిసెంబర్‌లో ఫుల్లర్‌తో కలిసి న్యూయార్క్ వెళ్ళి మొదటి రికార్డులు చేశాడు. సరిగ్గా ఏడాదికి అదే నగరంలో అతని జీవితం మలుపు తిరిగింది. జాన్ హామండ్ అనే నిర్మాత 1938 డిసెంబర్ 23న కార్నెగీ హాల్లో నల్లజాతి సంగీతం మొత్తాన్నీ ఒక్క సాయంత్రంలో చూపించే కచేరీ ఏర్పాటు చేశాడు. భక్తిగీతాల నుంచి స్వింగ్ అనే జాజ్ నృత్యసంగీతం దాకా అన్నీ ఉన్నాయి. ఫుల్లర్ రాలేని పరిస్థితిలో టెర్రీ వచ్చాడు. వీధిలో సీసా మూత పడ్డంత తేలిగ్గా నాణెం పడే చోట నుంచి, ఖరీదైన టికెట్లు కొని మౌనంగా కూర్చునే సభ ముందుకు. ఇరవై ఏడేళ్ళ వయసు, చేతిలో చవక మౌత్ ఆర్గాన్. ఆ రాత్రి రికార్డింగ్ ఇప్పటికీ దొరుకుతుంది. కేక పడిన చోటల్లా సభలో కలకలం రేగడం అందులో వినొచ్చు. ఆ ప్రయాణంలోనే జానపద సంగీతం సేకరించే అలన్ లోమాక్స్ అతని వాద్యాన్ని అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం కోసం రికార్డు చేశాడు.

ఈ సంఘటనకి దక్కాల్సినంత ప్రాధాన్యం సాధారణంగా దక్కదు. టెర్రీకి వచ్చిన మొదటి పెద్ద పేరు ఒంటరిగా వచ్చింది, చదువుకున్న తెల్లజాతి శ్రోతల దగ్గర వచ్చింది. వాళ్ళు విన్నది ఒక కళాకారుడు రాసిన పాటని కాదు, ఒక విలక్షణమైన శబ్దాన్ని. ఆ శబ్దం మార్చమని టెర్రీని ఆ తర్వాత ఎవరూ అడగలేదు. 1938లో వాయించిన పద్ధతినే 1984లోనూ వాయించాడు, అన్నిచోట్లా అది చెల్లింది.

బ్రౌనీ మెక్‌గీకి ఆ అదృష్టం లేదు. 1915లో టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో పుట్టాడు. నాలుగేళ్ళ వయసులో పోలియో వచ్చి కుడికాలు పొట్టిదైపోయింది. పోలియో టీకా రావడానికి ఇంకా ముప్పై అయిదేళ్ళుంది. తమ్ముడు గ్రాన్‌విల్ చిన్న బండి మీద అన్నని కూర్చోబెట్టి కర్రతో తోసుకుంటూ తిప్పేవాడు. ఆ కర్ర వల్లే తమ్ముడికి స్టిక్ అన్న పేరు పడింది, జీవితాంతం ఆ పేరుతోనే పాడాడు. ఇంట్లో తండ్రి గిటార్ వాయించేవాడు. మేనమామ ఒకాయన మిఠాయి రేకుడబ్బాతో పిల్లాడికి వాయిద్యం చేసిచ్చాడు. మెక్‌గీ బడిలో ఉండగానే పియానో, గిటార్, నలుగురు కలిసి పాడే భజన బృందాలు అన్నీ పట్టుకున్నాడు. తర్వాత ఊరూరా మందులమ్మే ప్రదర్శన బృందాలతో తిరిగాడు. 1930ల చివర్లో విరాళాల నిధి సాయంతో కాలికి ఆపరేషన్ జరిగింది. కుంటు పోలేదు కానీ నడక బాగుపడింది. ఆ నడకతోనే గిటార్ పట్టుకుని కరోలినా దారి పట్టాడు.

అక్కడ జె.బి. లాంగ్ కంటపడ్డాడు. లాంగ్ ఒక దుకాణం మేనేజరు. రికార్డులు అమ్మడంతో పాటు ఫుల్లర్ లాంటివాళ్ళని వెతికి రికార్డు కంపెనీల దగ్గరకు తీసుకెళ్ళేవాడు. 1940లో మెక్‌గీ మొదటి రికార్డులు అలా వచ్చాయి. 1941 ఫిబ్రవరిలో ఫుల్లర్ చనిపోయాడు. అప్పుడు జరిగింది చూడండి: మెక్‌గీ చేత ఫుల్లర్ మరణం మీద పాట పాడించారు, కొన్ని రికార్డుల మీద అతని పేరు బ్లైండ్ బాయ్ ఫుల్లర్ నంబర్ 2 అని వేశారు. కళ్ళు చక్కగా కనిపించే మనిషికి అంధుడి పేరు. ఇరవై అయిదేళ్ళ కుర్రాడి కెరీర్ చనిపోయిన మనిషి పేరు కింద మొదలైంది.

ఇది ఒక్కసారి జరిగి ఆగిపోలేదు. తర్వాతి పదేళ్ళలో అతను స్పైడర్ శామ్, బిగ్ టామ్ కాలిన్స్, హెన్రీ జాన్సన్, బ్లైండ్ బాయ్ విలియమ్స్ పేర్లతోనూ రికార్డులు చేశాడు. ఒక కంపెనీతో ఒప్పందం ఉండగా ఇంకో కంపెనీకి పాడి నాలుగు డబ్బులు ఎక్కువ సంపాదించడానికి ఆ రోజుల్లో బ్లూస్ గాయకులకి ఉన్న దారి అదే. పాటకి రొక్కం ఇచ్చి పంపేసే పద్ధతిలో బతకాలంటే ఎక్కువ పాటలు పాడాలి. టెర్రీ ఒకే శబ్దంతో నిలబడితే, మెక్‌గీ ఎవరికి ఏం కావాలో అది చేసిపెట్టి నిలబడ్డాడు. ఇద్దరి మధ్య తేడాకి ఇదే వేరు.

లాంగ్ ద్వారానే ఇద్దరికీ పరిచయం అయింది, 1941లో కలిసి రికార్డు చేశారు. 1942లో వాషింగ్టన్‌లో గాయకుడు పాల్ రోబ్సన్‌తో కలిసి ఒక కచేరీ, ఆ తర్వాత న్యూయార్క్ కాపురం. కొన్నాళ్ళు లెడ్‌బెల్లీ అనే పేరున్న జానపద గాయకుడి ఇంట్లోనే ఉన్నారు. వుడీ గత్రీ, పీట్ సీగర్ లాంటి వామపక్ష జానపద గాయకులంతా రాకపోకలు సాగించే వలయం అది. యూనియన్ సభలు, నిధుల సేకరణ కచేరీలు, ఇంటి అద్దె కోసం చందాలు వేసుకునే పాటల రాత్రులు. దక్షిణాదిలో వేరు తలుపు, వేరు బెంచీ అలవాటైన ఇద్దరు మనుషులు ఇక్కడ తెల్లవాళ్ళ పక్కన కూర్చుని పాడారు. ఆ మేరకు ఆ వలయం వాళ్ళకి నిజమైన ఆసరా. 1944లో రికార్డు నిర్మాత మోజెస్ యాష్ స్టూడియోలో గత్రీ, సిస్కో హ్యూస్టన్ చేసిన రికార్డుల్లో టెర్రీ మౌత్ ఆర్గాన్ వినిపిస్తుంది.

ఇక్కడినుంచి 1955 దాకా ఉన్న కాలాన్ని జంట కథ చెప్పేవాళ్ళు తొందరగా దాటేస్తారు. అసలు విషయం అక్కడే ఉంది. ఆ పదమూడేళ్ళలో వాళ్ళు కలిసి పని చేశారు, అయితే ఎవరి బతుకు వాళ్ళకీ ఉండేది.

టెర్రీకి 1947లో న్యూయార్క్ పెద్ద నాటకశాలల కేంద్రం బ్రాడ్‌వే దక్కింది. ఫినియన్స్ రెయిన్‌బో అనే సంగీత నాటకంలో మౌత్ ఆర్గాన్ వాయించే పాత్ర. 725 ప్రదర్శనలు నడిచింది. ప్రతి రాత్రీ అదే వేదిక, అదే చోట, అదే వాద్యం, వారం వారం జీతం. వీధిలో వాయించిన మనిషికి ఇలాంటి స్థిరమైన ఉద్యోగం ఎంత పెద్ద విషయమో వేరే చెప్పాలా. అదే ఏడాది క్యాపిటల్ కంపెనీకి తన పేరు మీద రికార్డులు చేశాడు. వాటిలో గిటార్ వాయించింది బ్రౌనీ కాదు, తమ్ముడు స్టిక్ మెక్‌గీ.

బ్రౌనీ ఆ సమయంలో హార్లెమ్‌లో గిటార్ నేర్పే బడి పెట్టాడు. ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నాడు. పియానో, శాక్సఫోన్, డ్రమ్స్ ఉన్న బృందాలతో అప్పటి నల్లజాతి యువత డాన్సు చేసే రిథమ్ అండ్ బ్లూస్ పాడాడు. 1948లో సావోయ్ కంపెనీ కోసం చేసిన ఒక పాట హిట్ పాటల జాబితాలైన చార్టుల్లోకి ఎక్కింది కూడా. 1949లో జరిగిన సంగతి ఇంకా ఆసక్తికరమైనది. అట్లాంటిక్ అనే కొత్త కంపెనీ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్‌కి స్టిక్ పాడిన పాత పాట ఒకటి కావాలి, అది మార్కెట్లో దొరకడం లేదు. న్యూయార్క్‌లో తనకు తెలిసిన బ్లూస్ మనిషి బ్రౌనీ ఒక్కడే కాబట్టి అతనికి ఫోన్ చేశాడు. ఆ పాడింది నా తమ్ముడే, ఇక్కడే ఉన్నాడని బ్రౌనీ చెప్పాడు. పాట మళ్ళీ రికార్డు చేశారు, బ్రౌనీ గిటార్ వాయించాడు. వైన్ తాగుతూ పాడే ఆ హుషారు పాట అట్లాంటిక్‌కి వచ్చిన మొదటి పెద్ద హిట్లలో ఒకటి. తర్వాత గాయకుడు రే చార్ల్స్‌ని నిలబెట్టిన కంపెనీకి పునాది రోజుల్లో బ్రౌనీ మెక్‌గీ చెయ్యి కూడా పడింది. ఆ సంగతి ఫోక్ (జానపద) సంగీత శ్రోతల్లో చాలామందికి తెలియదు.

ఆ దారిలోనే ముందుకెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. 1950ల మధ్యకొచ్చేసరికి రాక్ అండ్ రోల్ వచ్చేసింది, నలభైకి చేరువైన గాయకులకి ఆ మార్కెట్లో చోటు తగ్గిపోయింది. అదే సమయంలో ఇంకో తలుపు తెరుచుకుంది. 1955 మార్చిలో టెనెసీ విలియమ్స్ రాసిన, ఎలియా కజాన్ దర్శకత్వం వహించిన క్యాట్ ఆన్ ఎ హాట్ టిన్ రూఫ్ బ్రాడ్‌వే మీదికి వచ్చింది. మిసిసిపీ తోటలో జరిగే ఆ నాటకంలో టెర్రీ, మెక్‌గీ ఇద్దరికీ చిన్న పాత్రలు, తెర మారే చోట్ల సంగీతం. ఏడాదిన్నరకు పైగా నడిచింది. తోటలోని పాతకాలపు నల్లజాతి మనుషులుగా, అదీ జంటగా, ఆ నాటకం వాళ్ళని స్థిరపరిచింది. తర్వాతి ఇరవై ఏళ్ళు శ్రోతలు వాళ్ళనుంచి కోరుకున్నది ఇంచుమించు ఆ పాత్రలనే.

1958లో క్రిస్ బార్బర్ అనే జాజ్ బృంద నాయకుడు వాళ్ళని ఇంగ్లండ్ తీసుకెళ్ళాడు. అక్కడి యువత బ్రహ్మరథం పట్టింది. అదే ఏడాది చివర్లో మడ్డీ వాటర్స్ అనే బ్లూస్ గాయకుడు కూడా ఇంగ్లండ్ వెళ్ళాడు, షికాగోలో వాయించే ఎలక్ట్రిక్ గిటార్‌తోనే. ఆ హోరు కొంతమందికి మింగుడు పడలేదు. బ్లూస్ అంటే కరెంటు లేని పల్లెటూరి పాట అని వాళ్ళ ఊహ. ఆ ఊహకి టెర్రీ, మెక్‌గీ సరిగ్గా సరిపోయారు. కానీ మెక్‌గీ పదేళ్ళుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్న న్యూయార్క్ వాసి. అతను దాన్ని పక్కన పెట్టి ఉత్త గిటార్ పట్టుకోవడం వెనక్కి వెళ్ళడమే. అలా వెళ్తేనే పని దొరికింది.

డబ్బు లెక్క కూడా జంటకే అనుకూలం. ఇద్దరే మనుషులు, రెండు టికెట్లు, ఒక హోటల్. యాంప్లిఫయర్ లేదు, డ్రమ్స్ లేవు. కాఫీ హౌస్‌లో అయినా, కాలేజీ హాల్లో అయినా, 1959 న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ లాంటి పెద్ద మైదానంలో అయినా అదే సరంజామా. 1962లో యూరప్ తిరిగిన మొదటి అమెరికన్ ఫోక్ బ్లూస్ ఫెస్టివల్ బృందంలోనూ వాళ్ళున్నారు. ఫోక్‌వేస్, ప్రెస్టీజ్ బ్లూస్‌విల్, ఫాంటసీ లాంటి కంపెనీలకి పదుల కొద్దీ ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డులు, చేశారు. ఏడాదిలో అధిక భాగం రోడ్డు మీదే.

ఈ ఎల్పీల గురించి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. చాలావాటిలో అవే పాటలు, అదే వరస, అదే నడక మళ్ళీ మళ్ళీ వస్తాయి. బాగా నునుపెక్కిన సంగీతం, ముడిసరుకు పోయింది అన్న విమర్శ అప్పుడే వచ్చింది. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ నునుపు ఎక్కడినుంచి వచ్చింది? రోజూ కొత్త ఊరిలో, బ్లూస్ ఎన్నడూ వినని జనానికి, గంటన్నరలో అంతా అర్థమయ్యేలా చెప్పాల్సిన ఉద్యోగంలోంచి వచ్చింది. మొదటిసారి బ్లూస్ విన్న వేలమందికి వీళ్ళే మొదటి గురువులు. ఆ పని చేసినవాళ్ళని ఆ పని చేసినందుకే తక్కువ చేయడం అన్యాయం.

పైగా జాగ్రత్తగా వింటే ఆ నునుపు కింద పెద్ద పనితనం ఉంది. టెర్రీ లయ తిన్నగా ఉండదు. కేక కోసం, ఊపిరి కోసం వరసని సాగదీస్తాడు, ఒక్కోసారి కుదిస్తాడు. పక్కన గిటార్ పట్టినవాడు అది ముందే పసిగట్టాలి. మెక్‌గీ బొటనవేలు కింది తీగల మీద ఎక్కడా తడబడదు. టెర్రీ ఒక చరణాన్ని ఇంకో అరక్షణం లాగితే గిటార్ కూడా వినేవాడికి తెలియకుండా అంతసేపూ ఆగుతుంది. పాడేటప్పుడు టెర్రీది బరువైన, గరగరలాడే గొంతు. మెక్‌గీది తేటగా, మాట మాట వినిపించే గొంతు. ఒకరు పాడుతుంటే ఇంకొకరు చరణం చివర అందుకుంటారు. సభతో మాట్లాడేది, పాట వెనక కథ చెప్పేది మెక్‌గీ. పాటల్లో చాలావాటికి మాటలు రాసిందీ అతనే.

అయినా చప్పట్లు ఎక్కడ పడేవి? కేక దగ్గర. మన కచేరీ భాషలో చెప్పాలంటే మెక్‌గీ పక్కవాద్యం అయిపోయాడు. పక్కవాద్యం తక్కువ పని కాదు, మంచి మృదంగం లేకపోతే కచేరీ నిలబడదు. కానీ మెక్‌గీ పక్కవాద్యకారుడిగా బయల్దేరినవాడు కాదు. పాటలు రాసి, బృందాలు నడిపి, బడి పెట్టి, చార్టుల్లోకి పాట ఎక్కించిన మనిషి. టెర్రీ వైపు నుంచి చూస్తే మరో సంగతి. కార్నెగీ హాల్లో ఒంటరిగా సభని లేపిన వాద్యకారుడు ప్రతి రాత్రీ తన సమయంలో సగం ఇంకొకరి పాటలకి అలంకారం చేస్తూ కూర్చోవాలి. రోడ్డు మీద దారి చూపడం, హోటల్ గది దాకా చెయ్యి పట్టుకెళ్ళడం లాంటి రోజువారీ పనుల భారం దీనికి తోడు. ఏళ్ళ తరబడి ఒకరి మీద ఒకరు ఆధారపడే మనుషుల మధ్య ఆ ఆధారమే మనస్పర్థ కావడం మనకి తెలియనిదేమీ కాదు. ఉమ్మడి కుటుంబాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి మరీ బాగా తెలుసు.

1973లో జాన్ మేయాల్ లాంటి కుర్ర తరం వాద్యకారుల్ని చేర్చి పెద్ద కంపెనీ ఒకటి వాళ్ళ పేర్లే శీర్షికగా ఎల్పీ తెచ్చింది. అప్పటికే ఇద్దరికీ పడడం లేదు. 1970ల రెండో సగంలో ఒప్పుకున్న కచేరీలు మాత్రం పూర్తి చేస్తూ, చివరికి పూర్తిగా ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. మెక్‌గీ కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో స్థిరపడ్డాడు. టెర్రీ న్యూయార్క్‌లోనే ఉండిపోయాడు. మధ్యలో ఒక ఖండమంత దూరం.

1982లో అమెరికా ప్రభుత్వ కళాసంస్థ సంప్రదాయ కళాకారులకు నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదటి ఏడాది పదిహేను మందిని ఎంపిక చేసింది. బ్లూగ్రాస్ అనే అమెరికా గ్రామీణ సంగీతానికి పితామహుడు బిల్ మన్రో అందులో ఒకరు. టెర్రీ, మెక్‌గీ ఇద్దరూ ఉన్నారు, అయితే జంటగా కాదు. ఇద్దరివీ వేర్వేరు పేర్లు, వేర్వేరు ఊళ్ళు, వేర్వేరు సత్కారాలు. విడివిడిగా గుర్తింపు దక్కడానికి విడిపోవాల్సి వచ్చింది అనిపిస్తుంది.

విడిపోయాక టెర్రీ చేసిన పని చూస్తే అతను మొదటినుంచీ ఏమిటో తెలుస్తుంది. 1984లో గిటార్ వాద్యకారుడు జానీ వింటర్, బాస్ వాయించే విల్లీ డిక్సన్‌తో కలిసి అలిగేటర్ కంపెనీకి ఒక ఎల్పీ చేశాడు. డెబ్బై దాటిన మనిషి, పక్కన ఎలక్ట్రిక్ రాక్ గిటార్. కేక అదే, అరచేతి రెక్క అదే. మౌత్ ఆర్గాన్ వాయించే ఒక ముసలి బ్లూస్ కళాకారుడి చుట్టూ తిరిగే క్రాస్‌రోడ్స్ సినిమా 1986 మార్చి 14న విడుదలైంది. తెర మీద ఆ పాత్ర వేసింది వేరే నటుడు. సంగీతంలో వినిపించే మౌత్ ఆర్గాన్‌లలో టెర్రీది ఒకటి. సినిమా రావడానికి మూడు రోజుల ముందు, మార్చి 11న అతను చనిపోయాడు.

మెక్‌గీ ఇంకో పదేళ్ళు బతికాడు. 1996 ఫిబ్రవరి 16న ఎనభయ్యో ఏట ఓక్లాండ్‌లో పోయాడు. 1987లో వచ్చిన ఏంజెల్ హార్ట్ సినిమాలో అతనికి పేరున్న పాత్ర ఇచ్చారు. టూట్స్ స్వీట్ అనే గిటార్ వాద్యకారుడు. నేపథ్యంలో తీగలు మీటి ఊరుకోడు. కెమెరా ముందు నిలబడి మాట్లాడతాడు, బృందాన్ని వెనకేసుకుని పాడతాడు. ఆ బృందంలో మౌత్ ఆర్గాన్ ఉంది, వాయించింది మాత్రం షుగర్ బ్లూ అనే మరో మనిషి.